బెదిరితే విషం వదిలే చేపకు తోడెవరు?

చాదర్‌ఘాట్ వైపున్న ఓ అక్వేరియం షాపు. సాయంత్రం ఐదున్నర. కోఠి నుంచి కాలేజీ పిల్లలు గుంపులుగా మలక్‌పేట వైపు నడిచిపోతున్నారు. బ్యాగు తగిలించుకున్న డిగ్రీ కుర్రాడొకడు లోపలికొచ్చి మూలనున్న ట్యాంకు ముందు ఆగిపోయాడు. అందులో అగ్గిపెట్టెకు తోకా రెక్కలూ మొలిచినట్టున్న చిన్న చేప. లేత పసుపు రంగు, నుదుటి మీద రెండు కొమ్ములు.

"అన్నా, ఇది కావాలి. దీంతోపాటు ఇంకేమేం వేయొచ్చు?"

"ముందు నీ ట్యాంకుల ఇప్పుడు ఏమేం ఉన్నయో చెప్పు తమ్మీ" అన్నాడు షాపులో పనిచేసే యువకుడు.

"ఒక ట్రిగ్గర్, రెండు డామ్సెల్స్, ఒక క్లీనర్ రాస్."

"అయితే దీన్ని ఇయ్యను."

కుర్రాడు నవ్వాడు, బేరమాడటానికి అలా అంటున్నాడనుకుని. కానీ షాపతను నవ్వలేదు. డబ్బులిస్తానంటే చేపను అమ్మననే దుకాణదారు మనకు అరుదుగా కనిపిస్తాడు. ఆ 'ఇయ్యను' వెనక జువాలజీ ఉంది, కెమిస్ట్రీ ఉంది, కొంచెం చట్టం కూడా ఉంది. ఫిషరీస్, జువాలజీ, ఆక్వాకల్చర్ చదివి అలంకరణ చేపల రంగంలో పని వెతుక్కుంటున్నవారికి ఈ ఒక్క చేప కథ తెలిస్తే సగం సిలబస్ తెలిసినట్టే.

పెట్టెలాంటి ఒళ్లు, సబ్బులాంటి విషం

కొమ్ములున్న ఆ చేపను లాంగ్‌హార్న్ కౌఫిష్ అంటారు. దాని దగ్గరి చుట్టం పసుపు బాక్స్‌ఫిష్, పాచిక మీద నల్లచుక్కలు పెట్టినట్టుంటుంది. ఈ కుటుంబంలోని చేపల పొలుసులు షట్కోణాకారపు పలకలుగా గట్టిపడి ఒకదానికొకటి అతుక్కుపోయి పెట్టెలా తయారవుతాయి. కళ్లు, నోరు, రెక్కలు, తోక మాత్రమే కదులుతాయి. నడుము వంచి దూసుకెళ్లడం దీనివల్ల కాదు. హెలికాప్టర్‌లా ఒకచోట నిలబడుతుంది, మెల్లగా తిరుగుతుంది. 2005లో మెర్సిడెస్ బెంజ్ వాళ్లు ఈ ఆకారాన్నే చూసి 'బయోనిక్' అనే నమూనా కారు తయారుచేశారు. కారు వేగంగానే వెళ్లింది. చేప మాత్రం వెళ్లలేదు.

పారిపోలేని ప్రాణికి వేరే ఆయుధం ఉండాలి కదా. బాక్స్‌ఫిష్ బెదిరినప్పుడు చర్మం మీది జిగురుతోపాటు ఒక విషాన్ని నీటిలోకి వదులుతుంది. 1964లో డొనాల్డ్ థామ్సన్ హవాయి ప్రాంతపు బాక్స్‌ఫిష్ మీద పరిశోధించి 'సైన్స్' పత్రికలో దీని గురించి రాశాడు. ఒత్తిడికి గురైతే వదిలే ఈ విషానికి ఆస్ట్రాసిటాక్సిన్ అని పేరు పెట్టాడు. 1967లో బోయ్‌లాన్, షూయర్ అదే పత్రికలో ఈ విషపదార్థం నిర్మాణాన్ని విప్పి చెప్పారు. హవాయి భాషలో ఆ చేపను 'పహు' అంటారు కాబట్టి పహుటాక్సిన్ అన్నారు.

కెమిస్ట్రీ విద్యార్థులు ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఈ అణువులో ఒక చివర పామిటిక్ ఆమ్లం నుంచి వచ్చిన పొడవాటి కొవ్వు గొలుసు, మరో చివర విద్యుదావేశం ఉన్న కోలిన్. ఒక కొస నూనెను ఇష్టపడుతుంది, ఇంకో కొస నీటిని. సబ్బు, షాంపూ పనిచేసేది ఈ సూత్రం మీదే. అందుకే ఈ విషం కలిసిన నీరు నురగ కడుతుంది. సున్నితమైన మొప్పల మీద ఆ సబ్బుగుణం ఏం చేస్తుందో ఊహించుకోవచ్చు. ఎర్ర రక్తకణాలను కూడా పగలగొడుతుంది. పక్కనున్న చేపలు నీటిపైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. ఆ తర్వాత ఎక్కువ సమయం ఉండదు.

ఇంటర్వ్యూల్లో తడబడే చోటు ఒకటుంది. పఫర్‌ఫిష్‌లో ఉండే టెట్రోడోటాక్సిన్ వేరు, ఇది వేరు. పఫర్ విషం దాన్ని తిన్నవాడి నరాల మీద పనిచేస్తుంది. లయన్‌ఫిష్ విషం ముళ్లలో ఉంటుంది, గుచ్చుకుంటేనే నొప్పి. బాక్స్‌ఫిష్‌ను ఎవరూ తినక్కర్లేదు, ముట్టుకోనూ అక్కర్లేదు. ఒకే నీటిలో ఉంటే చాలు.

సముద్రంలో అయితే విషం ఆ అపార జలరాశిలో కలిసి పలచబడుతుంది. వేటాడొచ్చిన చేపకు నోరు మండి వెనక్కి తిరుగుతుంది. ట్యాంకు నాలుగు వైపులా అద్దమే. విషం ఎక్కడికీ పోదు, పంపు దాన్నే తిప్పి తిప్పి మళ్లీ ట్యాంకులోకి తోస్తుంది. సొంత విషాన్ని కొంతవరకు తట్టుకునే బాక్స్‌ఫిష్ కూడా చివరికి ఆ నీటిలోనే చనిపోవచ్చు.

విషం కాదు, భయమే లెక్క

'విషపు చేప పక్కన ఏ చేప తట్టుకుంటుంది?' అని చాలామంది అడుగుతారు. ఆ ప్రశ్నే తప్పు. ఈ విషాన్ని తట్టుకునే తోడు కోసం వెతకడం దండగ. వెతకాల్సింది దీన్ని బెదిరించని తోడు కోసం. ప్రశ్న ఇలా తిరగబడగానే జవాబులు వాటంతటవే వస్తాయి.

ట్రిగ్గర్‌ఫిష్‌నే తీసుకోండి. గట్టి పళ్లు, గట్టి పట్టుదల. కొత్తగా వచ్చినవాళ్ల రెక్కలు కొరికి చూస్తుంది. బాక్స్‌ఫిష్ రెక్కలు చిన్నవి, ఈదడానికి దానికున్న ఆధారం అవే. వాటిని కొరికితే ఇంకేముంది? పెద్ద ఏంజెల్ చేపలు, తన చోటు కోసం కొట్లాడే డామ్సెల్స్ కూడా ఈ కోవలోవే. డామ్సెల్ వేలెడంత ఉంటుంది, చవక కూడా. కొత్తవాళ్లు మొదట కొనేది దాన్నే. ఆ వేలెడు చేప ట్యాంకు మొత్తం నాదే అంటుంది. చాలా ఇళ్లలో గొడవ మొదలయ్యేది ట్రిగ్గర్‌తో కాదు, దీనితోనే.

క్లీనర్ రాస్ సంగతి మరీ చిత్రం. మిగతా చేపల ఒంటి మీది పరాన్నజీవులను ఏరితినే మంచి చేప అని పుస్తకాల్లో చదువుకుంటాం. సముద్రంలో పెద్ద చేపలు దాని దగ్గర వరసకట్టి నిలబడతాయి. ఇష్టం లేనప్పుడు లేచి వెళ్లిపోతాయి. ట్యాంకులో వెళ్లడానికి చోటు లేదు. పైగా బాక్స్‌ఫిష్ మెల్లగా కదిలేది, తప్పించుకోలేనిది. రాస్ పగలంతా దాని చర్మాన్ని పొడుస్తూనే ఉంటుంది. సాయం చేయబోయి చంపడమంటే ఇదే.

లయన్‌ఫిష్ వెంటపడదు, కొరకదు. మరి అది ఫర్వాలేదా? దాని నోరు చూడండి. నోట్లో పట్టే దేన్నైనా మింగుతుంది. మూడు నాలుగు సెంటీమీటర్ల కౌఫిష్ పిల్ల దానికి ఒక్క గుటక. మింగినది, మింగబడినది, చూస్తూ ఉన్నవి, అన్నీ పోతాయి. చిన్న గ్రూపర్ కొని 'పెరిగాక చూద్దాం' అనుకునేవాళ్లకూ ఇదే మాట. ఇక సోప్‌ఫిష్ అనే చేప ఉంది. బెదిరితే అదీ గ్రామిస్టిన్ అనే విషంతో నురగ కట్టిస్తుంది. ఈ రెండింటినీ ఒకే ట్యాంకులో పెట్టడమంటే గ్యాస్ సిలిండర్ పక్కన ఇంకో గ్యాస్ సిలిండర్ పెట్టుకుని ధైర్యంగా ఉండటం.

ఎవరు పనికొస్తారు మరి? అడుగున ఇసుకలో తన పని తాను చూసుకునే గోబీలు. రాతి సందుల్లో కూర్చునే చిన్న బ్లెన్నీలు. పగలు గుంపుగా ఊరికే నిలబడే కార్డినల్ చేపలు. డామ్సెల్ కుటుంబమే అయినా స్వభావం మెత్తనైన క్రోమిస్. 2003లో వచ్చిన సినిమాతో 'నీమో'గా అందరి ఇళ్లకూ చేరిన క్లౌన్‌ఫిష్ జంట కూడా, ట్యాంకు పెద్దదైతే. ఒక జాగ్రత్త, ఎనిమోన్ ఉంటే క్లౌన్ దాన్ని ఇల్లుగా చేసుకుని కాపలా కాస్తుంది, ఎనిమోన్ కుడుతుంది కూడా. కాబట్టి క్లౌన్ సరే, ఎనిమోన్ వద్దు.

తిండి దగ్గర ఇంకో మెలిక. కౌఫిష్ నోటితో ఇసుక మీదికి నీటిని ఊది, లేచొచ్చిన చిన్న పురుగులను, పీతపిల్లలను ఏరుకుని తింటుంది. స్పాంజీలు, నాచు కూడా దాని మెనూలోవే. అంతా నిదానం. చురుకైన చేపల మధ్య మేత వేస్తే హాస్టల్ మెస్‌కు ఆలస్యంగా వెళ్లినవాడి గతే దానిది. ఎవరూ కొట్టరు, తిట్టరు, అయినా నెల తిరిగేసరికి చిక్కిపోతుంది. కాబట్టి తోడు చేప 'శాంతంగా ఉంటుందా' అని అడిగితే చాలదు, 'నిదానంగా తింటుందా' అని కూడా అడగాలి. అటు నుంచి చూస్తే దీని బారి నుంచి కాపాడాల్సినవాళ్లూ ఉన్నారు. అందంగా ఉన్నాయని రొయ్యలు, గొట్టపు పురుగులు, చిన్న నత్తలు వేస్తే అవి అలంకరణ కావు, అల్పాహారం.

చట్టం కాదన్న తోడు

సముద్ర గుర్రం నిదానంగా ఉంటుంది, ఎవరినీ బెదిరించదు. తోడుగా సరిపోదా? ఈ ప్రశ్నకు జవాబు జువాలజీ పుస్తకంలో లేదు, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఉంది. సముద్ర గుర్రాలు, పగడాలు, సముద్ర దోసకాయలు 2001లో ఆ చట్టం కింద రక్షిత జాబితాలో చేరాయి. మన తీరంలో పట్టి అమ్మడం, కొనడం నేరం. 2022 సవరణతో షెడ్యూళ్ల అమరిక మారింది. పోటీ పరీక్షలు రాసేవాళ్లు పాత గైడు చూసి జవాబు పెట్టొద్దు. సముద్ర దోసకాయ విషయంలో చట్టమూ జువాలజీ ఒకటే చెబుతున్నాయి. గాయపడితే అదీ హోలోథురిన్ అనే విషాన్ని వదిలి ట్యాంకును ముంచుతుంది.

'ఎవరో ఇచ్చారు, ఊరికే వచ్చింది' అనే మాట అధికారుల ముందు నిలవదు. షాపులో చేరిన మొదటి నెలలోనే ఈ జాబితా బట్టీ పట్టండి. యజమాని చెప్పకపోయినా సరే.

ట్యాంకు లెక్క, ఉప్పు లెక్క

షాపులో అగ్గిపెట్టెంత ఉన్న కౌఫిష్ పెద్దయితే 46 సెంటీమీటర్ల దాకా ఎదుగుతుంది. అంటే ఒకటిన్నర అడుగు. పసుపు బాక్స్‌ఫిష్ కూడా అంతే, పైగా ఎదిగేకొద్దీ ఆ పసుపు మాసిపోతుంది. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ట్యాంకు అంటే 16 ఘనపుటడుగులు, సుమారు 450 లీటర్లు. ఇంట్లో పెట్టుకుంటే గది సగం అదే. అయినా ఒళ్లు వంచలేని ఒకటిన్నర అడుగు చేప అందులో వెనక్కి తిరగడానికి ఎంత చోటు మిగులుతుంది? ఇరుకు కూడా భయమే. అందుకే నా మటుకు నాకు ఈ చేప ఇంటి ట్యాంకుకు తగదనే అనిపిస్తుంది. వెయ్యి లీటర్లకు తక్కువైతే తోడు సంగతి అడగకముందే వద్దనాలి.

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. హైదరాబాద్‌లో కుళాయి తిప్పితే వచ్చే నీటిలో క్లోరిన్ ఉంటుంది. దాన్ని ఆర్వోలో శుద్ధి చేసి సముద్రపు ఉప్పు మిశ్రమం కలపాలి. 450 లీటర్లకు దాదాపు 16 కిలోల ఉప్పు. విషం కలిసిన రోజు సగం నీరు మార్చాలంటే అప్పటికప్పుడు ఎనిమిది కిలోల ఉప్పు, 225 లీటర్ల శుద్ధి చేసిన నీరు కావాలి. అది కలిపి, కరిగి, ఉష్ణోగ్రత కుదిరేదాకా చేపలు ఆగవు. అందుకే బాక్స్‌ఫిష్ పెంచేవాళ్లు ఒక డ్రమ్ము ఉప్పునీరు ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకుంటారు. ఫిల్టర్‌లో తాజా యాక్టివేటెడ్ కార్బన్ ఉండాలి, కానీ కార్బన్ ఒక్కటే కాపాడుతుందని నమ్మొద్దు. నీటిపై నురగ, రొప్పుతున్న చేపలు కనిపిస్తే ముందు బతికున్నవాటిని వేరే ఉప్పునీటిలోకి మార్చాలి. కారణాలు తర్వాత వెతుక్కోవచ్చు.

మే నెల గురించి వేరే చెప్పాలా? ఈ చేపలకు 24 నుంచి 27 డిగ్రీల నీరు కావాలి. బయట 42 ఉన్నప్పుడు చిల్లర్ లేకుండా కుదరదు. కరెంటు పోతే బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఉండాలి.

బ్రిడ్జి మీద ఒక కవరు

తోడు సరిగ్గా ఎంచుకున్నా దారిలోనే కథ ముగిసిపోవచ్చు. బాక్స్‌ఫిష్‌ను ఎప్పుడూ ఒంటరిగా ప్యాక్ చేయాలి. కవరులో ఉండేది రెండు మూడు లీటర్ల నీరే. అందులో బెదిరితే తన విషంలో తానే మునుగుతుంది. సాయంత్రం ఆరింటికి చాదర్‌ఘాట్ బ్రిడ్జి మీద బండి ఎలా కదులుతుందో మీకు తెలుసు. ముందు బస్సు హారన్, వెనక ఆటో హారన్, హ్యాండిల్‌కు వేలాడే కవరు గుంతగుంతకీ ఎగురుతూ ఉంటుంది. షాపతను చెప్పిన పద్ధతి వేరు. థర్మకోల్ డబ్బా, లోపల నల్ల కవరు, ఉదయం ఏడింటిలోపు ప్రయాణం. చీకట్లో చేప నెమ్మదిస్తుంది.

ఇంటికి చేరాక ఆ కవరు నీటిని ట్యాంకులో పోయకూడదు. చుక్క చుక్కగా ట్యాంకు నీటిని కలుపుతూ చేపను అలవాటు చేసి, దాన్ని మాత్రమే మార్చాలి. వల వాడొద్దు. కొమ్ములు వలలో చిక్కుకుంటాయి, గింజుకుంటుంది, విషం వదులుతుంది. ప్లాస్టిక్ మగ్గు నీటిలో ముంచి, చేప తనంతట తాను అందులోకి వచ్చేలా చూసి, నీటితో సహా ఎత్తాలి. ట్యాంకులో దాన్నే ముందు స్థిరపడనిచ్చి, తోడు చేపలను తర్వాత ఒక్కొక్కటిగా వేస్తే మేలు. అప్పటికే తిష్ఠ వేసినవాళ్ల మధ్యకు కొత్తగా వెళ్లడం ఎంత కష్టమో రూమ్ మారిన ప్రతివాడికీ తెలుసు.

చదువు, కొలువు

అక్వేరియం పనిని చాలామంది షాపులో కూర్చోవడం అనుకుంటారు. హోటళ్లు, ఆసుపత్రులు, ఆఫీసుల్లో పెద్ద ట్యాంకుల నిర్వహణ కాంట్రాక్టు మీద నడిచే పని. వారానికోసారి వెళ్లి నీటి పరీక్ష, ఫిల్టర్ శుభ్రం, చేపల ఆరోగ్యం చూడాలి. ఉప్పునీటి ట్యాంకు తెలిసినవాళ్లు తక్కువ, అందుకే వాళ్లకు గిరాకీ ఎక్కువ.

పద్ధతిగా చదవాలనుకునే బైపీసీ విద్యార్థులకు నాలుగేళ్ల బీఎఫ్‌ఎస్సీ ఉంది. తెలంగాణలో వనపర్తి జిల్లా పెబ్బేరు, ఆంధ్రప్రదేశ్‌లో నెల్లూరు దగ్గరి ముత్తుకూరు కాలేజీలు ఇందులో ముఖ్యమైనవి. పీజీకి ముంబయిలోని కేంద్ర మత్స్య విద్యా సంస్థ, సీఐఎఫ్‌ఈ, పెద్ద పేరు. దానికి కాకినాడలోనూ కేంద్రం ఉంది. సముద్రపు అలంకరణ చేపలను హేచరీలో పుట్టించడంపై కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ, సీఎంఎఫ్‌ఆర్‌ఐ, ఏళ్లుగా పనిచేస్తోంది. క్లౌన్‌ఫిష్ పిల్లలను సముద్రంలో పట్టకుండానే పెంచే విధానం అక్కడ రూపొందింది. దాని ప్రాంతీయ కేంద్రం విశాఖపట్నంలో ఉంది. కొనేటప్పుడు 'హేచరీలో పుట్టిందా, సముద్రంలో పట్టిందా' అని అడగడం అలవాటు చేసుకోండి. ట్యాంకులో పుట్టిన చేప అద్దానికి, మనిషికి, పొడి మేతకు ముందే అలవాటు పడి ఉంటుంది. బాక్స్‌ఫిష్ పక్కన పెట్టడానికి అలాంటిదే నయం.

సొంతంగా యూనిట్ పెట్టాలనుకుంటే 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో అలంకరణ చేపల పెంపకానికి చోటుంది. యూనిట్ ఖర్చులో జనరల్ వర్గానికి 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళలకు 60 శాతం దాకా సాయం. వివరాలకు ఢిల్లీ పోనక్కర్లేదు. జాతీయ మత్స్య అభివృద్ధి మండలి ఆఫీసు మన నగరంలోనే ఉంది. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద 235వ పిల్లర్ దగ్గర చేప ఆకారంలో ఒక భవనం కనిపిస్తుంది చూడండి, అదే.

కాకపోతే సర్టిఫికెట్‌తోపాటు చేతి పని కూడా రావాలి. చాదర్‌ఘాట్ షాపతన్ని అడిగాను, ఒక చేప అమ్మనంటే నష్టం కాదా అని.

"అమ్మకపోతే ఒక చేప పైసలే పోతయి. అమ్మినంక ఆ పిల్లగాని ట్యాంకు మొత్తం పోతే, ఆ పిల్లగాడు మళ్ల చేపల జోలికే రాడు. వాని దోస్తులు కూడా రారు."

ఆ కుర్రాడు ఆ రోజు కౌఫిష్ కొనలేదు. ట్రిగ్గర్‌ను తిరిగి తీసుకుంటారా అని అడిగి, రేపు తెస్తానని వెళ్లాడు. షాపులో అప్పుడే ఒకమ్మాయి పని కోసం వచ్చి నిలబడి ఉంది, ఫైనల్ ఇయర్ జువాలజీ అట. బయోడేటా చేతిలోకి తీసుకోకుండానే అతను బల్ల మీద ఒక వల, ఒక ప్లాస్టిక్ మగ్గు పెట్టి, "కొమ్ముల చేపను ఈ ట్యాంకుల నుంచి ఆ ట్యాంకులకు మార్చు చెల్లె" అన్నాడు. ఆమె చేతులు మోచేతుల దాకా ఒట్టి నీళ్లతో కడుక్కుంది. చేతికి పూసుకున్న శానిటైజర్ పోయేదాకా మళ్లీ కడిగింది. ట్యాంకు లైటు ఆర్పింది. తర్వాత మగ్గు తీసుకుంది.